నాన్న కారు, మూడు జతల చేతులు

ఈ ఆదివారం షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు, పాత సీట్ల వాసన గుప్పుమంది. నాన్న పోయాక ఆయన కారును వారానికోసారి స్టార్ట్ చేయడం నా పనైంది. ఇవాళ బ్యాటరీ దిగిపోయింది.

చిన్నప్పుడు కారు తోసిన రోజులు మీకూ గుర్తున్నాయా? మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం పాపారపట్టి రోడ్డు దాకా తోసేవాళ్లం. "ఇంకొంచెం తొయ్యండి పాపా, అందుకుంటాది!" అని నాన్న స్టీరింగు దగ్గర్నించి అరిచేవారు. ఇంజను అందుకోగానే పొగంతా మా మొహాల మీదికొచ్చేది. నవ్వుకుంటూ పరిగెత్తి ఎక్కేవాళ్లం.

ఇవాళ ఒక్కదాన్నే తోశాను. కదల్లేదు. మెకానిక్ మునిరాజు వచ్చి వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు.

"ఎన్ని దినాలు ఇట్ల అవస్థ పడతావక్కా? అమ్మేసేయ్" అన్నాడు.

నడుము పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. "వచ్చే వారం చెప్తాలే మునీ" అన్నాను.

నాలుగేళ్లుగా అతనికి అదే చెప్తున్నాను.