కౌసల్య నోరు జారిన మాట

కేతేపల్లి మండలంలో మూసీ కాలువ కింద ఉన్న ఆ ఊళ్లో కౌసల్యను ఎరగని వాళ్లు లేరు. పల్లె దవాఖానలో ఆమె ఏఎన్ఎం. బీపీ చూసేది, షుగరు చూసేది, గోలీలిచ్చేది. కానీ ఆమెకు పేరొచ్చింది బీడీలు, చుట్టలు, నమిలే అంబర్ పొగాకు పొట్లాలు మానిపించడంలో. "మానెయ్" అని మొదటి రోజు ఎవరితోనూ అనేది కాదు. పొద్దున లేవగానే ముట్టిస్తావా, తిన్నాక ముట్టిస్తావా, ఎవరు పక్కనుంటే చెయ్యి జేబులోకి పోతుంది అని అడిగేది. అడిగి, వాళ్లు చెప్పినంతసేపూ వినేది. భార్యలకు కూడా చెప్పుకోని సంగతులు మగవాళ్లు ఆమె దగ్గర చెప్పుకునేవారు.

ఆమె భర్త శ్రీశైలానికి బస్టాపు దగ్గర కిరాణా దుకాణం ఉంది. ఊరికి బీడీలు అక్కడినుంచే వెళ్లేవి. "పొద్దుగాల ఆయన అమ్మవట్టె, మాపటికి ఆమె మానుమనవట్టె" అని జనం నవ్వేవాళ్లు. బయట కౌసల్య కూడా నవ్వేసేది. ఇంట్లో మాత్రం ఆ విషయం మీద చాలాసార్లు గొడవైంది.

"నేను అమ్మకుంటె పక్క దుకాణపోడు అమ్ముతడు. తాగెటోడు ఆగుతడా?" అనేవాడు శ్రీశైలం. అందులో అబద్ధమేమీ లేదు గనుక ఆ గొడవ ఎప్పుడూ తేలేది కాదు.

ఒక వానకాలం నాట్లు మొదలయ్యే ముందు ఈదమ్మ దవాఖానకు వచ్చింది. యాభై దాటిన మనిషి, కూలికి నాట్లేసే కైకిలి గుంపుకు పెద్ద. ఎవరి పొలం ముందు నాటాలో, ఎంతకు గుత్త పట్టాలో ఆమె చెప్పిందే మాట. భర్త పోయి చాలా ఏళ్లయింది. కూతుర్ని చౌటుప్పల్ ఇచ్చింది. ఒంటరిగా ఉంటుంది. దగ్గు తగ్గడం లేదనీ, ఒళ్లు చిక్కిపోతోందనీ చెప్పింది. తెమడ పరీక్షకు నల్గొండ పంపితే టీబీ అని తేలింది.

ఆ మాట వినగానే ఈదమ్మ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"బిడ్డా, గీ ముచ్చట గీ గోడలు దాటొద్దు. గుంపుల తెలిస్తె నన్ను పక్కన నిలవడనియ్యరు."

"నా నోట రాదత్తా," అంది కౌసల్య. గోలీలు మొదలుపెట్టిన కొన్నాళ్లు ఎవరికీ దగ్గరగా మెలగొద్దని చెప్పింది. ఈదమ్మ జ్వరమని గుంపుకు చెప్పి రెండు వారాలు ఇల్లు కదల్లేదు. తిరిగి నాట్లకు పోయే ముందు కౌసల్య ఆమె తాగే బీడీల సంగతి ఎత్తింది.

"ఎక్కువ ఎప్పుడు తాగబుద్దైతదత్తా?"

ఈదమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నడుం గుంజినప్పుడు. బురదలకెల్లి లేసి ఒడ్డు మీద కూసోవాల్నంటె చేతుల బీడి ఉండాలె. బీడి తాగుతున్నమంటె ఆసామి ఏమనడు. ఉత్తగ కూసుంటె ఊకుంటడా? గా బీడి ఉంటెనే నా నడుముకు జర ఆరాం."

కౌసల్య అలాంటి జవాబు అంతకు ముందు వినలేదు. పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు ఆమె సొరుగులో ఉన్నాయి. అవి చూపించి భయపెడితే ఈ మనిషి నడుం నొప్పి తగ్గదు కదా అనిపించింది.

"గుంపుకు పెద్దవు నువ్వే కదత్తా. అందర్ని ఒక్కపాలి కూసోమను. అందరు కూసుంటె ఆసామి ఎవలనంటడు? నువ్వు ఇన్ని పుట్నాలు కొంగున కట్టుకపో. బీడి మీదికి మనసు పోతె నాలుగు నోట్లేసుకో."

ఈదమ్మ పకపకా నవ్వింది. "మంచిగనే చెప్పినవ్, కైకిలికి పోయినదాని లెక్క."

ఆ ఉపాయం పనిచేసింది. వారం తిరిగేసరికి బీడీలు సగానికి సగం తగ్గాయని ఈదమ్మే వచ్చి చెప్పింది. దగ్గు కూడా నెమ్మదించింది. కౌసల్య ఆ రోజంతా హుషారుగా ఉంది.

తర్వాత కొద్ది రోజులకు, సాయంత్రం అన్నం తింటూ శ్రీశైలం మాటల్లో మాటగా అన్నాడు: "ఈదమ్మ ఇయ్యాల రెండు కట్టలు కొనుకపోయింది. మానుతాంది అంటివి?"

ఈదమ్మ తన ఎదుటే కూర్చుని అబద్ధం చెప్పిందా అన్న కోపం కౌసల్యకు ఒకవైపు, మళ్లీ జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం ఒకవైపు. ఆ రెండింటి మధ్య నోరు జారింది.

"ఆమెకు ఇయ్యకు. టీబీ గోలీలు వాడుతాంది. గీ బీడీలు తాగుకుంట పోతె సచ్చిపోతది."

శ్రీశైలం చెడ్డవాడు కాదు. భార్య ఇన్నేళ్లుగా చెప్తున్న మాట ఒక్కసారైనా పాటిద్దామనుకున్నాడు. మరునాడు పొద్దున గుంపును పొలానికి తీసుకుపోయే ట్రాక్టరు దుకాణం ముందు ఆగింది. ఈదమ్మ దిగొచ్చి బీడీలడిగితే ఇవ్వనన్నాడు.

"ఎందుకియ్యవ్?"

"టీబీ గోలీలు మింగుకుంట బీడీలేందమ్మా? పానం మీద తీపి లేదా? మా ఇంట్లామె ఇయ్యొద్దన్నది."

గుంపులో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈదమ్మ తిరిగి ట్రాక్టరెక్కింది.

ఆ రోజు పొలంలో ఆమెను ఎవరూ పొమ్మనలేదు. మంచినీళ్ల చెంబు మాత్రం ఆమె దాకా రాలేదు. అన్నాల వేళ ఆమె కూర్చున్న దగ్గరికి ఎవరూ జరగలేదు. పొద్దుగూకి ఇళ్లకు వస్తుంటే ఒకామె, "ఇంటికాడ జర ఆరాం చెయ్యక్కా, తక్కువైనంక వద్దువు" అంది. ఆ మర్నాడు ట్రాక్టరు ఈదమ్మ ఇంటి ముందు ఆగలేదు.

సంగతి తెలిసి కౌసల్య పరుగున వెళ్లింది. ఈదమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"తప్పైపోయిందత్తా. నీ మంచికే..."

"గా రెండు కట్టలు నాయి కావు. గుంపుల ఇద్దరు ముసలోళ్లున్నరు, వాళ్లకు కొన్న." ఈదమ్మ గొంతు పెంచలేదు. "బీడి మానుడు నా చేతులుండె, మానుకుంట వస్తున్న. లోకం నోరు మూసుడు నా చేతులుందా బిడ్డా?"



ఈదమ్మ దవాఖానకు రావడం మానేసింది. కౌసల్యే రోజూ డ్యూటీకి పోతూ గోలీలు తీసుకెళ్లేది. ఈదమ్మ పలకరించేది కాదు. గోలీలు మింగి, గ్లాసు బోర్లించి లోపలికి వెళ్లిపోయేది. ఒకనాడు కౌసల్య ఉండబట్టలేక, "ఇప్పుడు నీ జబ్బు ఎవలికీ అంటదు. నేను పోయి గుంపోళ్లకు చెప్పనా?" అని అడిగింది.

"మళ్ల నా ముచ్చటనే చెప్పవోతవా?"

కౌసల్య తలొంచుకుంది. ఈదమ్మ లోపలికి పోయి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. "మాటలొద్దు. బజార్ల అందరు చూడంగ ఈడ కూసోని తాగు."

కౌసల్య తాగింది. చాలా రోజులు అక్కడే తాగింది. దారిన పోయేవాళ్లు చూశారు. అయినా ఆ వానకాలం గుంపు ఈదమ్మను పిలవలేదు. యాసంగి నాట్లకు పిలిచారు గానీ, అప్పటికి గుంపుకు వేరే పెద్ద వచ్చింది. ఈదమ్మ చివరి వరుసలో నిలబడి నాటేసింది. ఖాళీగా ఇంట్లో కూర్చున్న ఆ నెలల్లో బీడీలు మళ్లీ మొదటికొచ్చాయి.

కౌసల్యకు మరో దెబ్బ దవాఖానలో తగిలింది. ఎవరినడిగినా, "మానేసిన మేడం" అనేవాళ్లు. చొక్కాలు బీడీ వాసన కొడుతుండేవి. ఇంతకు ముందులా మనసు విప్పి ఎవరూ చెప్పుకునేవారు కాదు. ఇక్కడ చెప్పింది దుకాణం దాకా పోతుందని ఊరంతటికీ తెలిసిపోయింది. ఇంట్లో ఆమె దవాఖాన ముచ్చట్లు ఎత్తడం పూర్తిగా మానేసింది. శ్రీశైలం అడిగి అడిగి ఊరుకున్నాడు.

గోలీల కోర్సు అయిపోయాక కౌసల్య ఈదమ్మను నల్గొండ తీసుకెళ్లి పరీక్షలు చేయించింది. టీబీ పోయిందన్నారు. ఊపిరితిత్తులు మాత్రం బాగా బలహీనపడ్డాయి, బీడీ మానకపోతే కష్టమన్నారు. తిరుగు బస్సులో ఈదమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

"డాక్టరుకు మానేసిన అని చెప్పిన," అంది. "నీకు అబద్దం చెప్పలేను. తాగుతున్న బిడ్డా. నిన్న గూడ తాగిన."

ఊళ్లో ఈ మధ్య ఎవరూ తనకు నిజం చెప్పలేదు. కౌసల్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈదమ్మ చెప్పేది వినడానికి ఆమె వైపు జరిగి కూర్చుంది.