మే నెలలో హీటర్ వేసుకున్న కుటుంబం

ఇది మహాకావ్యం. ఇందులో కొండలున్నాయి, లోయలున్నాయి, పొగలు కక్కే మృగం ఉంది, గడువులోగా గమ్యం చేరాల్సిన ఆడపిల్ల ఉంది. ఇలాగే సాగిద్దామని చాలా ఉబలాటపడ్డాను గాని, మా అక్క కూడా చదువుతుందన్న భయం కొద్దీ నిజం చెప్పేస్తున్నాను: ఇది ఒక చిన్న కారు రాయగడ వెళ్ళిన కథ, అంతే. ఆ రోజుల్లో (అంటే మరీ రాజుల కాలమేం కాదు, అప్పటికే మా పెద్దమ్మ పొద్దున్నే అందరి ఫోన్లకూ పువ్వుల బొమ్మలు పంపుతోంది) నాకు ఇరవై ఏళ్ళు. లైసెన్సు వచ్చి మూడు వారాలు. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో నన్ను మించిన డ్రైవరు లేడన్న నమ్మకం వచ్చి మూడేళ్ళు.

నాన్న మా టౌన్‌షిప్ ఫ్యాక్టరీలో విమానాల ఇంజన్లు పరీక్షించి సంతకం పెట్టేవారు. ఆ సంతకం లేనిదే ఏ ఇంజనూ బయటికి వెళ్ళేది కాదు. ఈ సంగతి మా కారుకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఒకసారి ఆపితే మళ్ళీ ఎప్పుడు కదలాలో అదే నిర్ణయించుకునేది. మెకానిక్‌కు చూపిద్దామంటే నాన్న చిన్నబుచ్చుకునేవారు. "ఆకాశంలో ఎగిరేవాటిని సూసేవోడికి, సంతకెళ్ళే బండి ఒక లెక్కేట్రా" అనేవారు. అలాంటి రోజుల్లో అక్కకు ప్రభుత్వ నర్సు ఉద్యోగానికి పిలుపొచ్చింది. రాయగడలో పదకొండు గంటలకల్లా సర్టిఫికెట్లు చూపించాలి, లేకపోతే జాబితాలో తరువాతి పేరు పిలుస్తారు. ముందురోజే బస్సులో వెళ్ళిపోతానంది అక్క. "ఇంట్లో బండుండగా బస్సేటమ్మీ" అన్నారు నాన్న. ఆ ఒక్క మాటతో అక్క ఉద్యోగమూ నాన్న పరువూ ఒకే ఇంజన్ మీద ఎక్కి కూర్చున్నాయి.

మా ఇళ్ళలో ప్రార్థన చెయ్యనిదే బండి గేటు దాటదు. అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉండడంతో ఆ బాధ్యత పెద్దమ్మ తీసుకుంది. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, క్లుప్తత ఆమె పాఠ్యాంశం కాదు. ఇంజన్ ఆపితే ఏమవుతుందో తెలుసు గనుక నాన్న ఆపవద్దన్నారు. "ప్రభువా, ఈ నాలుగు చక్రాలను నీ చేతికి అప్పగిస్తున్నాం" అని మొదలుపెట్టి, చక్రాలను విడివిడిగా అప్పగించి, లక్ష్మీపూర్ దాటాక వచ్చే మలుపులను ఒక్కొక్కటిగా తలచుకుని, ఎదురొచ్చే లారీ డ్రైవర్లకు మెలకువనూ, రాయగడ ఆఫీసరుకు మంచి మనసునూ అడిగింది. స్టీరింగ్ ముందు కూర్చున్న నేను ఒక కన్ను తెరిచి చూద్దును గదా, వేడి చూపించే ముల్లు నెమ్మదిగా పైకి లేస్తోంది.

"నాన్నా, ముల్లు పైకెళ్తంది."

"కళ్ళు మూసుకోరా."

"ఎర్ర గీత కాడికెళ్తంది నాన్నా."

"ఆమెన్ అయ్యాక సెప్పు."

ఆమెన్ ఇరవై నిమిషాలకు వచ్చింది. (ఆ ప్రార్థనలో ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ప్రస్తావన ఒక్కటే లేదు.) పెద్దమ్మను గేటు దగ్గర వదిలి రోడ్డెక్కాక గాలి తగిలి ముల్లు కాస్త దిగింది గాని, కకిరిగుమ్మ దగ్గర ఎత్తు ఎక్కుతుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగిసింది. ఆపాం. నాన్న బానెట్ ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని, ఫ్యాక్టరీలో నిలబడినట్టే నిలబడ్డారు. రోడ్డు పక్కన టీ కొట్టు నడిపే శ్రీకాకుళం మామ్మ ఒకావిడ వచ్చి తొంగి చూసింది.

"బాబూ, తమరేటి సేస్తారు?"

"ఇమానం ఇంజన్లు సూస్తాను."

ఆవిడ ఆవిరి వంక చూసింది, నాన్న వంక చూసింది. "నానింకా ఇమానం ఎక్కనేదు బాబూ. ఇంకెక్కను కూడాను."

రేడియేటర్ మూత తెరవాలంటే ఇంజన్ చల్లారాలి. గంటసేపు చల్లార్చి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ దానికే పోశాం. బస్సు అప్పటికే దాటిపోయింది. అక్క వాచీ చూసుకుని మెల్లగా అడిగింది. "తొమ్మిదైంది నాన్నా. బాగవుద్దా, అవ్వదా? అవ్వదంటే సెప్పు, ఏ లారీయో ఎక్కి ఎల్లిపోతాను."

నాన్న బానెట్ దించారు. "రేడియేటర్ ఫేను తిరగట్లేదమ్మీ. ఎందుకో తెలీదు" అన్నారు. ఆయన నోట 'తెలీదు' అన్న మాట వినడం నాకదే మొదలు. నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జోకు ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో కనబడలేదు. అప్పుడాయన కారెక్కి, కొరాపుట్ చలికాలంలో తప్ప ఎవరూ ముట్టుకోని హీటర్ మీటను ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపారు. "దాని ఏడి మనం తీసుకుందాం. అద్దాలు దించు. ఆగకు." ఆ ఒక్కసారికి ఇంజన్ మారాం చెయ్యకుండా కదిలింది.

మే నెల. హీటర్. పూర్తి స్థాయిలో. ఇంజన్ వేడి అంతా నాన్న మోకాళ్ళ మీదికి వచ్చిపడుతుంటే ఆయన కదలకుండా కూర్చుని, నిమిషానికోసారి ముల్లు చదివారు: "సగం. సగానికి పైన. గేరు మార్చు. సగం." అక్క సర్టిఫికెట్ల ఫైలును పాలిథిన్ సంచిలో చుట్టి తలపైకెత్తి పట్టుకుంది. గంజి పెట్టిన చీర లక్ష్మీపూర్ దాటకముందే చెమటకు లొంగిపోయింది.

"సలేస్తందా అక్కా?" అన్నాను, జోకు దొరికింది గనుక.

"ఉజ్జోగమొస్తే మొదటి సూది నీకేరా."

పదకొండుకు పది నిమిషాల ముందు ఆఫీసు మెట్ల దగ్గర దించాం. నిలువునా తడిసిన అక్కను చూసి, కొరాపుట్‌లో వానలా అని గుమస్తా ఒడియాలో అడిగాడట. "లేదండీ, మా నాన్నగారు దింపారు" అందట అక్క, అదే సమాధానమన్నట్టు.

అక్క ఇప్పుడు కల్యాణసింగ్‌పూర్‌లో నర్సు. నేను ఆ తరువాత మంచి మంచి బళ్ళు నడిపాను, ఒక్కటీ నన్ను అంత గొప్పవాణ్ణి చెయ్యలేదు. ఆ రోజు అక్కను చేర్చింది నేనేనని చాలాకాలం ఊరంతా చెప్పుకు తిరిగాను. పాపం, ఆ ఇరవై ఏళ్ళవాడు స్టీరింగ్ పట్టుకున్నాడంతే. ముల్లు చదివిన మనిషి మోకాళ్ళు వారం రోజులు ఎర్రగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం రాయగడలో నాన్నే స్వయంగా మెకానిక్‌ను పిలిచారు. ఫ్యాన్ తిరగకపోవడానికి కారణం, ఫ్యూజు పోవడం. అలాంటప్పుడు వాడుకోవడానికి స్పేరు ఫ్యూజు ఒకటి ఆ ఫ్యూజుల పెట్టె మూత లోపలే ఉంటుంది.