ఇంజన్ ఆపితేనే విశ్రాంతి

మా కంపెనీవి పదకొండు ట్రైలర్లు. ఏ డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు అన్నది బండిలో బిగించే మిషన్‌లోనే నమోదు కావాలని నియమం వచ్చినప్పుడు, ఆ మిషన్లు కొనే పని మా యజమాని, అంటే కఫీల్, నా నెత్తిన పెట్టాడు. రియాద్‌లోని బతా బజారులో నాలుగు దుకాణాలు తిరిగి అన్నిటికంటే చవకవి తెచ్చాను. ఖరీదైనవి చక్రం తిరిగితేనే డ్రైవింగ్ అంటాయి, ఇవి ఇంజన్ మోగుతున్నా చాలు డ్రైవింగ్ అని రాసుకుంటాయని దుకాణదారు ముందే చెప్పాడు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసే నాకు అదేమంత తేడాగా తోచలేదు.

వేసవిలో తెలిసొచ్చింది. పగలు చాలా గంటలు పెద్ద బండ్లను రియాద్‌లోకి రానివ్వరు. యాన్బు రేవు నుంచి వచ్చిన డ్రైవర్లు ఊరి బయట ఆగి, ఇంజన్ ఆపకుండా ఏసీ వేసుకుని క్యాబిన్‌లో పడుకుంటారు. మనిషి గుర్రు పెడుతుంటే నా స్క్రీన్ మీద మాత్రం బండి నడుపుతూనే ఉండేవాడు. నడపదగ్గ గంటలు దాటగానే ఎర్ర గీత. మూడు గీతలు పడ్డవాడికి ఇకామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే పర్మిట్, రెన్యూవల్ లేదని కఫీల్ తేల్చేశాడు. తప్పు మిషన్‌దని చెప్పబోతే, కొన్నది నువ్వే కదా అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అందరికంటే పాతవాడు జగిత్యాల వైపు డ్రైవర్. యాభై దాటాయి. ఇరవై ఏళ్లలో బండికి ఒక్క గీటు పడనివ్వలేదు. అలాంటివాడికి నిద్రపోయినందుకు రెండు ఎర్ర గీతలు పడ్డాయి. మూడోది పడకుండా ఏం చేయాలో చెప్పమని ఫోన్ చేశాడు.

"ఇంజన్ ఆపేసి పండుకో అన్నా," అన్నాను.

"బందువెడితే ఏసీ బందైతది తమ్మీ. గీ ఎండల ఎట్ల పండాలె?"

"బండి కింద నీడ ఉంటుంది కదా. మూడోది పడితే నా చేతిలో ఏం లేదు."

"ఇంకో రెండేండ్లన్న నడపాలె నేను. సరే తీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచే అతని గీత పచ్చగా ఉంది. మధ్యాహ్నానికీ పచ్చగానే ఉంది. నా ఉపాయం పారిందని మురిసిపోయి, భోజనం చేసి వచ్చాను. మూడింటికి ఎవరో పాకిస్తానీ డ్రైవర్ ఫోన్ చేశాడు. మీ మనిషి ట్రైలర్ కింద స్పృహ లేకుండా పడి ఉన్నాడన్నాడు.

ఎంతసేపటి నుంచి ఆ వేడిలో ఉన్నాడని ఆసుపత్రిలో డాక్టర్ అడిగాడు. ఫోన్‌లో మిషన్ లెక్క తీసి నిమిషాలతో సహా చెప్పాను. వడదెబ్బకు కిడ్నీలు పాడయ్యాయని, ఇక పెద్ద బండి నడపడం కుదరదని చెప్పాడు.

రెండో రోజు కళ్లు తెరిచాడు. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"తమ్మీ, ఎర్రది పడలే గదా?"

పడలేదన్నాను.

"గట్లయితే రెండేండ్లకు ఢోకా లేదు," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

డాక్టర్ చెప్పిన మాట అతనికి చెప్పాల్సింది నేనే. జీవితంలో అంత సిగ్గుపడ్డది ఎప్పుడూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అతను లేచేదాకా అక్కడే కూర్చున్నాను.