మా మావగారి ఓడ ప్రాక్టీసు

మొన్న పొద్దున్న పేపరు మడత విప్పగానే అందులోంచి ఒక రంగుల కాగితం జారి నా ఒళ్ళో పడింది. నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, ఇసుకలో గంతులేస్తున్న ఇద్దరు పిల్లలు, కింద పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు, టిఫిన్లతో సహా అండమాన్. ఒక్క ఫోన్ చేస్తే చాలునట, మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారట. కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివి, స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఎందుకంటే ఇద్దరు పసిపిల్లలతో అదే అండమాన్ వెళ్ళడానికి మా ఇంట్లో ఒకప్పుడు ఆర్నెల్లు పట్టింది, అందులో ప్రయాణానిది చాలా చిన్న వాటా.

ఎనభైలలో మాట. ముసునూరు దగ్గర మామిడితోటలోనే మా ఇల్లు. మావారు నూజివీడులో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా, తోట మాత్రం పూర్తిగా మావగారి రాజ్యం. అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి అయిదు. ఒకరోజు సాయంత్రం మావారు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి, కుటుంబంతో ఎక్కడికైనా వెళ్ళొస్తే గవర్నమెంటే ఛార్జీలిస్తుందని, ఈ ఏడు వాడుకోకపోతే ఆ అవకాశం మురిగిపోతుందని, పక్క సీటాయన పోయినేడు కన్యాకుమారి వెళ్ళొచ్చి ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటున్నాడు గనుక తను అంతకంటే దూరం వెళ్ళి తీరతానని ప్రకటించారు. గోడ మీది మ్యాపులో జానతో కొలిస్తే అండమాన్ బాగా దూరంగా తేలింది. అంతే, ఖాయమైపోయింది. నేనప్పటికి సముద్రాన్ని ఒకే ఒక్కసారి, బందరులో, అదీ పెళ్ళివారి బస్సు ఆగిన పది నిమిషాలు మాత్రమే చూశాను. ఆ పూట నాకు సంతోషంతో అన్నం సయించలేదు.

చిక్కల్లా ఒక్కటే. బడికి సెలవులు ఇచ్చేదీ, మా తోటలో కాయ దిగేదీ ఒకే రోజుల్లో. మా వైపు వేసవి సెలవుల్లో ఊరు వదిలి వెళ్ళే రైతు కుటుంబం ఎక్కడా ఉండదు, చుట్టాలే రసాల కోసం మా మీదికి వచ్చిపడతారు. అందుకని మావారు భయపడుతూ భయపడుతూ మావగారి దగ్గర విషయం కదిపి, మాటవరసకు, మీరు కూడా రాకూడదా అన్నారు. కాయ దింపే రోజుల్లో నేనెక్కడికి వస్తాన్రా, మీరు వెళ్ళి రండి అన్నారు మావగారు. మావారు బతుకుజీవుడా అనుకుని నాలుగు టిక్కెట్ల లెక్క వేసుకున్నారు.

ఆ మర్నాటి నుంచి మావగారికి ఆ ప్రయాణంలో లోపాలే లోపాలు. ఆ దీవిలో తాగడానికి నీళ్ళుండవన్నారు, తుఫానులు పుట్టేదే అక్కడన్నారు, తెల్లవాళ్ళు ఖైదీలను ద్వీపాంతరం పంపిన చోటికి పసిపిల్లలను తీసుకెళతారా అని వచ్చేపోయే వాళ్ళందరి ముందూ పంచాయితీ పెట్టారు. ఆ ద్వీపాంతరం మాట తోటలో పనికొచ్చే ఆడవాళ్ళ చెవిన పడి, చెట్టు చెట్టుకీ పెరిగి, నాలుగోరోజుకల్లా మావారు ఆఫీసులో ఏదో ఘోరం చేసి శిక్ష మీద వెళుతున్నారని తేలింది. వాళ్ళలో పెద్దావిడ ఒకామె నా చేతులు పట్టుకుని, "మెత్తటి మనిషండీ అబ్బాయిగారు, ఏం చేశారండీ పాపం?" అని కన్నీళ్ళు పెట్టుకుంది. సరదాకి వెళుతున్నామని చెబితే, నేను పరువు కోసం దాస్తున్నాననుకుని ఇంకా ఏడ్చింది.

ఇదిలా ఉండగా, ఓడ మూడు రోజులు ఊగుతుందని, అలవాటు లేనివాళ్ళకు కడుపులో తిప్పుతుందని మావారికి ఎవరో చెప్పారు. ఆయన ఏ పనైనా పద్ధతి ప్రకారం చేసే మనిషి. నులకమంచానికి నాలుగు మూలలా మోకులు కట్టి రెండు రసాల చెట్ల మధ్య వేలాడదీసి, రోజూ ఆఫీసు నుంచి రాగానే పిల్లలను దాని మీద పడుకోబెట్టి అరగంట ఊపేవారు. ఓడలో తిండి మానకూడదు కదా, ఊగుతుండగానే నేను పులిహోర ముద్దలు పెట్టాలి. పిల్లలు కేరింతలు కొడుతూ ఇంకా ఇంకా అనేవారు. ఒకరోజు ఆయనే ఎక్కారు. అయిదు నిమిషాలు కూడా కాకముందే దిగి, చెట్టును కావలించుకుని, మొహం పచ్చిపిందె రంగులోకి తిరిగిపోయి, ఇదంతా పొద్దుటి బచ్చలికూర దోషమని తేల్చారు. మళ్ళీ మంచం జోలికి పోలేదు.

టిక్కెట్ల కోసం మావారు విశాఖపట్నం బయల్దేరాల్సిన రోజుకు ముందు రోజు, మధ్యాహ్నం భోజనాల దగ్గర మావగారు ఉత్తరాపోశన పట్టి, పిల్లలను పంపేది లేదని, కావాలంటే మీరిద్దరే పొండని చెప్పి లేచిపోయారు. తండ్రి మాటకు ఎదురు చెప్పడం మావారి వల్ల కాదు. పిల్లలు లేకుండా వెళ్ళడం నా వల్ల కాదు. ఇంక సముద్రం నా నొసట రాసిపెట్టి లేదనుకుని, ఆ సాయంత్రమంతా గిన్నెల మీద కోపం చూపించాను.

మర్నాడు తెల్లవారుతూనే కళ్ళాపి చల్లుదామని బయటికొస్తే చెట్ల మధ్య మంచం ఊగుతోంది. దాని మీద మావగారు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక కాలు కిందికి వేలాడేసి నేలను తన్నుకుంటూ, ఒక చేత్తో మోకు పట్టుకుని, రెండో చేతిలోని మజ్జిగ గ్లాసు తొణుకుతుందేమోనని దాని వంకే చూస్తూ, ఆయన లోకంలో ఆయన ఊగుతున్నారు. నన్ను చూసి కాలితో మంచం ఆపి, "మోకు గట్టిదో కాదో చూస్తున్నానమ్మాయ్" అన్నారు.

అప్పటికి గానీ నాకు తలకెక్కలేదు. మా ఇళ్ళల్లో కాఫీ తాగుతారా అంటే మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం అలవాటు, మూడోసారికి గ్లాసు అందుకోవడం. ఈయనను మావారు ఒకే ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. ఆర్నెల్లుగా ఆయన రెండోసారి కోసం చూస్తున్నారన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"మీరు కూడా రండి మావయ్యగారూ" అన్నాను.

"నాకెందుకమ్మాయ్, తోటెవరు చూస్తారు?"

"మీ అబ్బాయిగారు ఓడెక్కగానే పడకేస్తారు. పిల్లలిద్దరితో నేనొక్కదాన్నీ వేగలేను. మీరు రావాల్సిందేనండీ."

ఆయన మజ్జిగంతా తాగి, మీసాలు తుడుచుకుని, కాసేపు చెట్ల వంక చూసి, "ఓడలో చుట్ట కాల్చుకోనిస్తారంటావా?" అన్నారు.

అత్తగారిని కూడా పద్ధతిగా మూడుసార్లూ అడిగాను. మూడుసార్లూ నిజంగానే వద్దన్నారావిడ. కాయ దింపే రోజుల్లో ఆయన పెత్తనం లేకుండా ఉండటాన్ని మించిన విహారయాత్ర తనకు ఇంకేం ఉంటుందన్నారు. ఆ ఏడు తోట పని దివ్యంగా జరిగిందని తర్వాత కూలీలు చెప్పారు గానీ, ఆ సంగతి మావగారి దాకా పోనివ్వలేదు.

నేను చెప్పినట్టే ఓడలో మావారు మూడు రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నారు. మావగారు పిల్లలను చెరో చేత్తో పట్టుకుని, పొలం గట్ల మీద తిరిగినట్టు ఓడంతా తిరిగారు. దీవిలో మొదటిరోజు పంచె పైకి దోపుకుని మోకాలి లోతున నిలబడి, పొద్దు వాలుతున్నా ఒడ్డుకు రాలేదు. ఎండాకాలం బోరు అడుగంటితే చెట్టుకింత అని బిందెలతో పోసుకునే మనిషి ఆయన. "ఇన్ని నీళ్ళుండి ఒక్క మొక్కకు పనికిరావు కదమ్మాయ్!" అని ఎంత బాధపడ్డారో, ఆ నీళ్ళలోంచి కదలడానికి అంతగా మొరాయించారు. ఆయనను అంత సంతోషంగా నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆ రోజుల్లో నేనూ అదే కోరుకున్నాను. ఇప్పటివాళ్ళకు మాటల్లో డొంకతిరుగుడు లేదు, ఎదుటివాళ్ళ మాటను కూడా ఉన్నదున్నట్టే తీసుకుంటారు. అదే నయమని నా ఈడువాళ్ళతో నేనే వాదిస్తుంటాను. పోయిన వేసవిలో మా అబ్బాయి పెళ్ళాం పిల్లలతో ఏదో దీవికి వెళుతూ, నువ్వూ రాకూడదా అమ్మా అన్నాడు. నాకెందుకురా, మీరు వెళ్ళి రండి అన్నాను. సరేనమ్మా అన్నాడు.