జీపు అద్దం మీద తీర్థం

నా చిన్నప్పుడు మా మేనమామ జీపు హారన్ కొడితే కాజీపేటలో రైలు ఆగేదని చెప్తే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. హారన్ సంగతి నేను జర పెంచిన మాట నిజమే కానీ, ఆ జీపు అద్దం సంగతిలో పెంచేది ఏమీ లేదు. జరిగింది జరిగినట్టే చెప్తాను. మధ్యలో ఎక్కడైనా నాలుక జారితే అది అలవాటు వల్లనే.

అప్పుడు నేను ఏడో తరగతి పాసై, ఎండకాలం సెలవులకు జనగామ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నాను. తెలంగాణ కావాలనే మాట మళ్లీ ఊరూరా లేచిన రోజులవి. చాయ హోటల్లో కూచున్నా, బస్సెక్కినా అదే ముచ్చట. ఈ అద్దం సంగతి జరిగిన మరునాడు పొద్దున జనగామలో పెద్ద సభ. మా ఊరి నుంచి ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు వరుసగా కదలాలని, అన్నిటికన్నా ముందు మా మామ జీపు నడవాలని నలుగురూ వారం ముందే కూచుని తీర్మానం చేశారు. దానికి ఒక్కటే షరతు. ముందు నడిచే బండి అద్దం మీద 'జై తెలంగాణ' అని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రేడియం స్టిక్కర్ ఉండాలి. లేకపోతే ముందు నడిచేది ఊళ్లోని బియ్యం మిల్లు వాళ్ల వ్యాను.

మా మామ ఏళ్ల తరబడి పరాయివాళ్ల బండ్లు నడిపిన మనిషి. సొంత జీపు వచ్చి నెల తిరగలేదు. అదీ పాతదే. తలుపులు తాళ్లతో కట్టుకోవాలి, ఎక్కేవాళ్లు ఎక్కాక ఇద్దరు దిగి తొయ్యాలి. అయినా మామకు అది కొత్త పెళ్లికూతురు. ఊరి ముందు తన బండి నడవాలన్న ఆశ ఆయన ముఖంలో అద్దం లేకుండానే కనిపించేది. స్టిక్కర్‌ను జనగామలో అంత వెడల్పు రేడియం దొరకదని హైదరాబాద్ పోయే లారీ డ్రైవర్ చేత తెప్పించాడు. తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి నా జానెడు. అది పాడైతే ఇంకొకటి తెప్పించే టైము లేదు.

భయపడడానికి కారణం కూడా ఉంది. అంతకుముందు జీపు వెనక అద్దానికి మామ ఒక చిన్న స్టిక్కర్‌ను తన చేతులతోనే అంటించాడు. పొడి అద్దం మీద పొడిగా పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఒక మూల గట్టిగా పట్టుకుంది, ఇంకో మూల వంకర పోయింది, పీకబోతే అక్షరం రబ్బరులా సాగింది. లోపల గాలి నిలిచి బుడగలు బుడగలుగా, అద్దానికి అమ్మవారు పోసినట్టు తయారైంది. అందుకే ఈసారి స్టిక్కర్ చుట్ట విప్పకుండానే పక్కింటి అక్కను పిలిపించాడు.

పక్కింటి అక్క జనగామ బస్టాండు దగ్గర వాళ్ల అన్న రేడియం దుకాణంలో బ్లేడుతో అక్షరాలు కోసేది. మా చుట్టుపక్కల బండ్ల మీదున్న దేవుళ్ల పేర్లు, కొడుకుల పేర్లు సగం ఆమె కోసినవే. ఆమె నోరు ఆ బ్లేడుకు అక్క. సంచి భుజాన వేసుకొని వచ్చి, జీపు ముందు నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టింది.

"ఏంది అన్నా ఇది? బండికి అద్దం పెట్టించినవా, గడప పెట్టించినవా? దీని మీద స్టిక్కర్ కాదు, ఈగ గూడ నిలవది."

జరిగిందేమిటంటే, మూడు రోజుల కింద మేమందరం చిల్పూరు గుట్టకు పోయి బుగులు వెంకటేశ్వరస్వామి దగ్గర బండికి పూజ చేయించుకొని వచ్చాం. పూజారి పెట్టిన బొట్టు చిన్నదే. మా అమ్మమ్మ కంటికి అది ఆనలేదు. ఇంటికొచ్చాక గడపకు పూసినట్టు అద్దం పైభాగమంతా పసుపు పూసి, వరుసగా కుంకుమ బొట్లు పెట్టింది. వాన పడ్డా పోవద్దని పసుపులో నూనె కూడా కలిపింది. దాని మీద కొబ్బరి నీళ్లు చల్లింది. అన్నీ కలిసి ఎండకు ఎండి, సరిగ్గా స్టిక్కర్ రావలసిన చోట జిడ్డు పట్టీలా బిగుసుకున్నాయి.

అక్క సంచిలోంచి బట్ట తీసిందో లేదో, అమ్మమ్మ అరుగు దిగింది.

"చెయ్యి పెట్టకు పిల్లా. అది దేవుని బొట్టు. అదంతట అది రాలాలె గని, మనిషి తుడవొద్దు."

అమ్మమ్మది ఉత్త మొండితనం కాదు. మామ పరాయి బండి నడిపే రోజుల్లో ఒకసారి అది బోల్తాపడి, వరంగల్ దవాఖానలో చాలాకాలం మంచం మీద ఉన్నాడు. అప్పుడు మంచం పక్కన కూచుని ఆమె మొక్కిన మొక్కే గుట్ట మొక్కు. ఆ పసుపు తుడిస్తే కొడుకు మీది దేవుని చెయ్యి ఎవరో తీసేసినట్టే ఆమెకు. మామ దోస్తులు, ముసలామె నిద్రపోయినప్పుడు తుడిచేద్దామని గుసగుసలాడారు. మామ ఒప్పుకోలేదు. అలాగని అమ్మతో వాదించనూ లేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ చుట్టను రెండు చేతుల మీద పెట్టుకొని ఊరికే నిలబడ్డాడు. మిల్లు వాళ్ల వ్యాను డ్రైవరు రెండుసార్లు అటు నుంచి ఇటు నడిచి, "ఏం బావా, బండికి ఇంకా స్నానం కాలేదా?" అని పలకరించి పోయాడు.

అక్క కాసేపు అద్దాన్ని, కాసేపు అమ్మమ్మను చూసింది. తర్వాత నన్ను గోడ చాటుకు పిలిచి, దుకాణానికి పోయి షాంపూ పాకెట్ పట్టుకురమ్మంది. నేను వచ్చేసరికి ఆమె సంచిలోంచి ఒక సీసా తీసింది. కటింగ్ షాపులో తలకు నీళ్లు చిమ్ముతారు చూడండి, ఆ సీసా. దాన్ని మా దిక్కు ఎరగని తల లేదు. బోరింగు నీళ్లు నింపి, షాంపూ కొంచెమే పిండి, మూత పెట్టి ఊపింది. ఖాళీ పాకెట్ నా పిడికిట్లో పెట్టి మూసింది.

ఆ సీసాను రెండు కళ్లకద్దుకొని అమ్మమ్మ ముందుకు పోయింది.

"అవ్వా, ఇది గుట్ట మీది తీర్థం. దేవుని బొట్టును దేవుని నీళ్లతోని కడిగితే తుడిచినట్టు గాదు. అభిషేకం చేసినట్టు."

అమ్మమ్మ సీసాను తేరిపార చూసింది. "గుట్టకు పోయింది మేము. తీర్థం నీకెక్కడిదే?"

పక్కింటి అక్క నోరు ఆగడం నేను చూసింది అదొక్కసారే. ఆమె నా వైపు చూసింది. నా కథల వ్యాపారం ఆ నిమిషంలోనే మొదలైంది.

"నేనిచ్చిన అమ్మమ్మా. పూజారి తాత నాకు వేరే సీసల పోసిచ్చిండు, దారిల దూపయితే తాగుమని. నేను తాగలే, దాచిన. ఆయన పోస్తుంటే ఒక చిలుక వచ్చి సీస మీద..."

అక్క బొటనవేలు నా పాదం మీద పడింది. చిలుక అక్కడే ఎగిరిపోయింది.

అమ్మమ్మ నా మూసిన పిడికిలి వంక చూసింది, కొడుకు చేతుల్లోని చుట్ట వంక చూసింది. "అభిషేకమంటే వద్దనేటందుకు నేనెవరిని? గని బొట్టు నేల మీద పడొద్దు" అంది.

పడనివ్వలేదు అక్క. మామ భుజం మీది కొత్త తువ్వాలలోంచి ఒక పట్టీ చింపి, ఒక చేత్తో చిమ్ముతూ ఇంకో చేత్తో ఆ పట్టీలోకి పసుపునంతా ఒత్తుకుంది. బట్ట పచ్చగా అయ్యాక ఆరవేసి, దాన్ని జీపు లోపల, డ్రైవర్ వెనక బండ్లు చూసుకునే చిన్న అద్దానికి ముడివేసింది. "ఇగో అవ్వా, బొట్టు బయటికెళ్లి లోపలికొచ్చింది. ఇగ వానకు గూడ పోదు" అంది. అమ్మమ్మ ఆ ముడిని ఒకసారి లాగి చూసి, అరుగు మీద కూచుంది.

ఆ తర్వాతిదంతా పని. జీపును గోడ నీడకు తోశారు, ఎండలో అద్దం కాలితే నీళ్లు నిలవవని. మిగిలిన జిడ్డును బ్లేడుతో గీకి, పేపరు ఉండతో మళ్లీ కడిగింది అక్క. స్టిక్కర్ వెనక కాగితం ఒలిచి, అద్దం మీదే కాక గమ్ము మీద కూడా నీళ్లు చిమ్మింది.

"చెల్లె! గమ్ము ఖరాబైతది!" అని మామ కేక వేశాడు.

"గమ్ము నీ అసొంటిది కాదన్నా, జర తడిస్తే అలగది" అని ఆమె స్టిక్కర్‌ను ఎత్తి అద్దానికి ఆనించింది.

వంకరగా పడింది. ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి. మామ కళ్లు మూసుకున్నాడు. వెనక అద్దం సంగతి మా అందరికీ గుర్తొచ్చింది. కానీ అక్క తొందరపడలేదు. రెండు అరచేతులు పెట్టి నెమ్మదిగా జరిపితే, చెరువులో తెప్పలా అన్ని అక్షరాలూ కలిసి జరిగాయి. వెనక్కి నడిచి చూసింది, వచ్చి మళ్లీ గోరంత జరిపింది. స్టిక్కర్ తన చోటుకు వచ్చిందనిపించాకే నా కంపాస్ పెట్టెలోని స్కేలు అడిగింది. స్టిక్కర్ ఒత్తడానికి రోజూ ఆమె వాడేది అరిగిన రబ్బరు చెప్పు ముక్క. దాన్ని అమ్మమ్మ కళ్ల ముందు, అదీ ఆ అద్దం మీద, బయటికి తీసే ధైర్యం ఆమెకు కూడా లేదు. స్కేలుకు బట్ట చుట్టి నడుమ నుంచి అంచులకు, మళ్లీ నడుమ నుంచి అంచులకు ఒత్తుతుంటే అడుగున ఉన్న నీళ్లు మూలల నుంచి కారాయి. గాలీ వాటితోనే పోయింది.

"తడున్నంత సేపే జరుపుకోవాలె బిడ్డా" అంది నాతో. "ఒత్తినంక దేవుడు జెప్పినా జరగది."

ఆరేదాకా ఆగి, అక్షరాలన్నిటినీ కలిపి పైన పట్టి ఉంచిన కాగితాన్ని అద్దానికి ఆనించినట్టే ఉంచి మెల్లగా వెనక్కి లాగింది. ఒక అక్షరం తోక కాగితంతో పాటు లేచింది. కాగితాన్ని వెనక్కి వేసి, వేలితో అద్ది, మళ్లీ లాగింది. ఈసారి తోక అద్దానికే ఉండిపోయింది. ఒక్క బుడగ లేదు. మామ దగ్గరికి పోయి చేత్తో తడమబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మరునాడు మా ఊరి బండ్లన్నిటికీ ముందు మా జీపే నడిచింది. మిల్లు వాళ్ల వ్యాను మా దుమ్ము తింటూ వెనక వచ్చింది. అమ్మమ్మ ముందు సీట్లో కూచుని, దారి పొడుగునా జనాన్ని చూడలేదు, ఎదురుగా ఊగుతున్న ఆ పచ్చ ముడిని చూసింది.

కానీ నాకు గుర్తుండిపోయింది ముందురోజు పొద్దుగూకే వేళ. నా తల దువ్వుతూ అమ్మమ్మ మామూలుగానే అంది: "ఆ అక్క దగ్గర తీర్థం ఇంక మిగిలిందేమో అడుగు బిడ్డా. రేపు సభకు పోతున్నం గద, నీ తలకు పోస్త. మంచిగ నురగొస్తది."

దువ్వెన ఆగలేదు, ఆమె నవ్వలేదు. నేను వెనక్కి తిరిగే ధైర్యం చెయ్యలేదు. కటింగ్ షాపు సీసాను గుర్తుపట్టని మనిషి కాదు కదా ఆమె. తన మాట తాను వెనక్కి తీసుకోకుండా, కొడుకు ఆశ చెడకుండా పక్కకు జరగడానికి ఆమెకు జరంత తడి కావలసి వచ్చింది. అక్క దాన్ని సీసాలో పోసి తెచ్చింది. ఆ తర్వాత ఆమె తనంతట తానే జరిగింది.

రాష్ట్రం వచ్చేనాటికి ఆ అక్షరాల తెలుపు మాసిపోయింది కానీ, ఒక్క మూల కూడా లేవలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా ఒక మాట మీద బిగుసుకుపోతే నేను పీకబోను. ఒక కథ చెప్తాను. చిలుక ఎగరబోతుంటే పాదం మీద అక్క వేలు తగిలినట్టయి, అక్కడికి ఆపేస్తాను. ఇక షాంపూ వాసన ఎక్కడ తగిలినా, గుట్ట మెట్ల మీద నిలబడినట్టు చేతులు వాటంతటవే దగ్గరికి వస్తాయి. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.