కొండమీది చప్పట్లు

దయ్యాలను నమ్మే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అది చీకటికి భయపడేవాళ్ళ వ్యవహారమని మా తాతగారు అనేవారు. ఆయన కాలంలోనే మా ఎస్టేటు పోయింది. ఆ అభిప్రాయం మాత్రం నాదాకా వచ్చింది. ఇప్పటికీ నాకు అదే అభిప్రాయం. కిందటి శరదృతువులో జరిగినదాన్ని జరిగినట్టు చెబుతాను, అంతకు మించి దానికి పేరు పెట్టను.

మేము కాల్గరీలో ఉంటాం. మా ఆవిడ చెల్లెలి భర్త శ్రీధర్ మార్కమ్ నుంచి ఆఫీసు పని మీద వచ్చాడు. శనివారం ఖాళీ దొరికితే కొండ ఎక్కుదామన్నాడు. ఊరికి పడమటి కొండల్లో ఒకదాని శిఖరం మీద ఫైర్ లుకౌట్ ఉంది. వేసవిలో అడవిలో ఎక్కడైనా పొగ లేస్తోందా అని ఒక మనిషి కూర్చుని చూసే చిన్న గది అది. చలి మొదలవగానే కిటికీలకు చెక్కలు బిగించి, తాళం వేసి వెళ్ళిపోతారు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగిపోవచ్చు.

మేము వెళ్ళేసరికి కింద పార్కింగ్‌లో మరో కారు లేదు. దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. ఎలుగుబంట్లు తిరిగే చోటు, చప్పుడు చేస్తూ నడవండి అని. శ్రీధర్ వెంటనే చప్పట్లు అందుకున్నాడు. నేను కొట్టలేదు.

"ఏం దొరగారూ, రెండు చప్పట్లు కొడితే కిరీటం జారిపోతుందా?"

"మా ఇంట్లో చప్పట్లు కొడితే మనుషులు వచ్చేవారు. ఎలుగుబంట్ల కోసం కొట్టడం నాకు అలవాటు లేదు."

"ఇప్పుడు కొట్టి చూడండి అన్నయ్యా, ఎవరొస్తారో! వదిన కూడా రాదు."

అతను నవ్వాడు. నేను ముందుకు నడిచాను. ఎక్కుతుంటే ఉక్కగా ఉంటుందని అంతకుముందే అతను తన జాకెట్ విప్పి నా బ్యాగులో పెట్టాడు. అది నా వీపు మీదే ఉంది.

లార్చ్ చెట్లు పసుపు రంగుకు తిరిగాయి. వాటిని దాటాక చెట్లు లేవు, వదులు రాళ్ళ వాలు మాత్రమే. వెనక నుంచి శ్రీధర్ చప్పట్లు కాసేపు వినిపించి ఆగిపోయాయి. అలిసిపోయి ఉంటాడనుకున్నాను. ఆకాశం బూడిదరంగుకు మారి, సన్నగా మంచు రాలడం మొదలైంది.

అప్పుడు మళ్ళీ చప్పట్లు వినిపించాయి. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి.

నేను వెనుదిరగలేదు. ఎగతాళికి తిరిగి చూడటం నా పద్ధతి కాదు. నడుస్తూనే ఉన్నాను. మళ్ళీ అవే చప్పట్లు, అదే వరసలో.

శిఖరం చేరాను. గది తలుపుకు తాళం, కిటికీలకు చెక్కలు. చుట్టూ బోడి రాయి. పిల్లి కూడా దాక్కోవడానికి చోటు లేదు. ఆ చప్పట్లు ఈసారి నా పక్కనే వినిపించాయి. రెండు, ఆగి ఒకటి. దళసరి అరచేతుల శబ్దం.

మా తాతగారు మనుషుల్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. అలాగే చప్పట్లు కొట్టేవారు. చప్పట్ల సంగతి శ్రీధర్‌కు చెప్పాను గానీ, ఆ వరస చెప్పలేదు. నేను దాన్ని విన్నది ఆరేడేళ్ళ వయసులో. ఆ తరవాత నేనే దాన్ని తలుచుకోలేదు.

నేను కిందికి బయల్దేరాను. చప్పుడు మళ్ళీ రాలేదు.

రాళ్ళ వాలులో దారి మలుపు తిరిగే చోట, దిగువన ఒక ఇరుకు గండిలో శ్రీధర్ పడి ఉన్నాడు. దారిలో నడిచేవాడికి కనబడడు. అంచుదాకా వెళ్ళి వంగి చూస్తేనే కనబడతాడు. నేను ఎందుకు వంగి చూశానో చెప్పలేను. పల్చటి చొక్కా మీద మంచు పేరుకుంటోంది. పెదవులు నీలంగా మారాయి. పిలిచినా వెంటనే పలకలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. దిగి, జాకెట్ కప్పి, ఫ్లాస్కులో టీ పట్టించాను. కొంతసేపటికి మాట వచ్చింది.

"అరవబోయాను అన్నయ్యా, గొంతు పెగల్లేదు."

"చప్పట్లు కొట్టావుగా."

"ఏ చేత్తో కొట్టనూ?" అని తన కుడి మణికట్టు చూపించాడు. అది ఉండకూడని వైపుకు వంగి ఉంది. ఎడమ చేయి బండల మధ్య ఇరుక్కుపోయి ఉంది. నేనే రాయి జరిపి బయటికి లాగాను.

నా భుజం పట్టుకుని చీకటిపడేలోగా దిగాడు. ఆ చలిలో ఇంకాస్త ఆలస్యమై ఉంటే ప్రాణం దక్కేది కాదని ఆసుపత్రిలో డాక్టరు నాతో విడిగా అంది.

శ్రీధర్ దీన్ని పెద్దగా పట్టించుకోడు. రాళ్ళు దొర్లిన శబ్దమై ఉంటుందంటాడు. అయి ఉండవచ్చు. గాలికి వదులు చెక్క ఏదైనా కొట్టుకుందేమోనని నేనూ ఆలోచించాను. తరవాతి వారం ఒంటరిగా మళ్ళీ ఎక్కి ఆ చెక్కల్ని ఒక్కొక్కటిగా కదిపి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

మా తాతగారి చప్పట్లకు పరుగెత్తడం పనివాళ్ళ వంతు. ఇంటి పిల్లవాడినైన నాకు ఆ పిలుపు ఏనాడూ వర్తించలేదు. ఆ రోజు మాత్రం ఎవరని గానీ ఎందుకని గానీ అడగకుండా, తల వంచుకుని వెళ్ళాను. ఎవరు పిలిచారో నాకు తెలియదు. ఆ పిలుపు నాకేనని నా కాళ్ళకు ఎలా తెలిసిందో, అదీ తెలియదు.