ఒడిబియ్యం నాటి జాలీ టోపీ

మార్చి తొమ్మిది, ఆదివారం. ఉన్నవారు: అక్క, బావ, వాళ్ల కూతురు, అల్లుడు, బావ చెల్లెలు, వాడకట్టు ఆడవాళ్లు పదకొండు మంది, నేను.

ఇరవై ఏళ్ల కిందటి డైరీలో నా చేతిరాత ఇది. నిన్న నాగారంలో అక్క కూతురి ఇంటికి వెళ్లినప్పుడు, కాలేజీకి పోతున్న ఆమె బిడ్డ ఫోనులో ఒక బొమ్మ చూపించి, “అమ్మమ్మా, గిసొంటిది నాకొకటి అల్లియ్యవా?” అని అడిగింది. సన్నసన్నని కన్నులతో జాలీలా అల్లిన గుండ్రటి బెరెట్ టోపీ అది. చేతులు నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. నా చేతులకేం, బాగానే ఉన్నాయి.

మేడ్చల్‌లో ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు కుట్లు, అల్లికలు నేర్పినదాన్ని. ఏది అల్లినా ముందు కొలత, తర్వాత కుట్ల లెక్క, పూర్తయిన తేదీ రాసుకోవడం అలవాటు. ఆ ఏడు అక్కకు రొమ్ములో గడ్డ తేలి, మందు ఎక్కించడం మొదలుపెట్టిన మూడో వారానికి, మోకాళ్ల దాకా ఉండే జడ దువ్వెనకే ఊడి వచ్చేసింది. షామీర్‌పేట దారిలో ద్రాక్షతోటల పక్కన వాళ్ల ఇల్లు. అంత తిరిగే మనిషి గడప దాటడం మానేసింది.

అదే సమయానికి, పెళ్లయిన మూడో ఏడు పుట్టింట్లో బిడ్డకు ఒడి నిండా బియ్యం పోసి పంపే ఒడిబియ్యం వేడుక కూతురికి వచ్చింది. మన వైపు ఆ బియ్యం ముందుగా తల్లే పోయాలి కదా, అక్కకున్న కోరికల్లా అదొక్కటే, తన చేతులతో బిడ్డ ఒడి నింపడం. కానీ రెండు చేతులా బియ్యం తీసి వంగితే నెత్తిమీది కొంగు జారుతుంది, పదిమంది ముత్తయిదువుల ముందు బోడితల బయటపడుతుంది. బావ చెల్లెలు మంచిమనసుతోనే, “గుట్టకు పోయి తలనీలాల మొక్కు తీర్చుకున్ననని జెప్పరాదు వదినా, ఎవరడుగుతరు?” అంది. “రోగం నాదైతే దేవుని మీద అబద్ధం ఎందుకే?” అంది అక్క.

అందుకని టోపీ నేను అల్లుతానన్నాను. ఎండలు ముదురుతున్నాయి, ఊలు అయితే ఉడికిపోతుందని చీర రంగుకు కలిసే మెరూన్ నూలు దారం తెచ్చి, గాలి ఆడేలా జాలీ అల్లిక ఎంచుకున్నాను. రెండు కుట్లు కలిపి ఒకటి చేసి, పక్కనే దారం చుట్టి కొత్త కుట్టు తీస్తే అక్కడొక చిన్న కన్ను పడుతుంది. అట్లాంటి కన్నులతో ఆకులు ఆకులుగా నడినెత్తి దాకా తీసుకుపోయాను. పన్నెండు రోజులు పట్టింది. కొంగు తీయమనడానికి నోరు రాక, కొంగు మీదుగానే దారంతో అక్క తల కొలిచాను. పూర్తయ్యాక అద్దం ముందు నా తలకే పెట్టి చూసుకున్నాను. కన్నుల వెనక నా జుట్టు నల్లగా కనిపించి, ఆకుల నడుమ పూలు పూసినట్టు ఎంత ముద్దుగా ఉందో!

ఆదివారం మూడున్నరకు లోపలి గదిలో అక్క దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుంది. ప్రతి కన్నులోంచీ తల చర్మం తెల్లగా మెరుస్తోంది. ముందు అక్కే నవ్వింది. “గిదేంది చెల్లె, నెత్తికి జల్లెడ బోర్లిచ్చినవ్!” అంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. టోపీ తీసి నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

నల్ల జాకెట్టు గుడ్డ దొరకబుచ్చుకుని లోపల అస్తరు వేయడం మొదలుపెట్టాను. తొందరలో దారం రెండుసార్లు తెగింది. బయట నుంచి ఒకటే పిలుపులు, “జల్దీ రా వదినా, నాలుగున్నరకు రాహుకాలం సొస్తది!” అని. కొంగు కప్పుకునే పొమ్మని బతిమాలాను, అక్క కదలలేదు. చివరికి, “నువ్వే బియ్యం పొయ్యి తల్లీ, మేనత్తవు, నువ్వూ తల్లి లెక్కనే” అని లోపలినుంచే ఆడబిడ్డకు చెప్పింది. నేను ముడి వేసి దారం తెంపేసరికి పాటలు అయిపోయాయి, ముత్తయిదువులు బొట్లు పెట్టుకుంటున్నారు. ఆ తర్వాత ఆ టోపీని అక్క ఎన్నడూ పెట్టుకోలేదు. వానలు పడే నాటికి అక్కే లేదు.

ఇప్పుడు ద్రాక్షతోటలన్నీ కాలనీలయ్యాయి. ఒడిబియ్యం ఫంక్షన్ హాళ్లలో పోస్తున్నారు. మందు ఎక్కించుకున్న ఆడవాళ్లు బోడితలతోనే వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంటే, వాళ్లను చూసి సంతోషించే లోపే నాకు దుఃఖం వస్తుంది. అక్క జబ్బు ఇరవై ఏళ్లు ఆగి వచ్చి ఉంటే ఆ గది దాటి బయటికి వచ్చేదేమో. అదీ కాకపోతే, పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా సిగ్గు విడిచి, “అక్కా, కొంగు తియ్యి, పెట్టి చూస్త” అని నేను అడిగి ఉండాల్సింది.

డైరీలో తర్వాతి పుట, సోమవారం ఉదయం. చుట్టాలంతా వెళ్లిపోయారు, అల్లుడు రోడ్డు మీద బస్సు కోసం చూస్తున్నాడు. అక్క నెత్తిన కొంగూ లేదు, టోపీ లేదు. వంటింట్లో బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, డబ్బాలోంచి పసుపు కలపని మామూలు బియ్యమే దోసిళ్లతో తీసి ఐదుసార్లు ఒడిలో పోసింది. ఒడి బరువుకు లేవలేక, లేవాలనీ లేక, బిడ్డ తలవంచుకుని ఏడుస్తోంది.

“లే బిడ్డా,” అంది అక్క, “బస్సు పోతది.”